గేర్ సైకిలుకు వెనక క్యారియర్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ బీచ్ రోడ్డులో ఆదివారం పొద్దున సైకిలు పక్కన పెట్టి టీ తాగుతుంటే ఎవరో ఒకరు వచ్చి వెనక చక్రం వైపు వంగి చూస్తారు. "మౌంటెన్ బైకుకు క్యారియర్ ఎలా పెట్టించారండీ? నా దానికి కుదరదన్నారే!" ఎప్పుడూ అదే ప్రశ్న. చెప్పిందే చెప్పడం కంటే రాసి పెట్టడం మేలనిపించింది. నేను మెకానిక్‌ను కాను. నాలుగు సైకిళ్లకు నా చేతులతో క్యారియర్లు బిగించుకున్నాను, అందులో రెండు మొదటిసారి తప్పుగా బిగించాను. ఈ పేజీని వరసగా చదవనక్కరలేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## కొనే ముందు

పాత సైకిళ్లకు క్యారియర్ ఉండేది. ఈ మౌంటెన్ బైకులకు ఎందుకు ఇవ్వరు?

పాత నల్ల సైకిలు పుట్టిందే మోతకు. పాలక్యాను, గడ్డిమోపు, బియ్యం మూట, వాటి మీద ఒక పిల్లవాడు. క్యారియర్ కాళ్లు నేరుగా వెనక ఇరుసు నట్టు కిందే బిగిసేవి కనుక బరువంతా చక్రం మీదికి దిగేది. మౌంటెన్ బైకును రాళ్ల దారుల్లో ఎగిరి దూకడానికి తయారుచేశారు. అక్కడ క్యారియర్ గలగలలాడే అనవసరపు బరువు. మనం కొనేది మాత్రం ఆఫీసుకూ రైతు బజారుకూ వెళ్లడానికే కాబట్టి ఈ చిక్కంతా వచ్చింది.

నా సైకిలుకు క్యారియర్ పడుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

చక్రం వెనక గొంతుకూర్చుని చూడండి. ఇరుసు కూర్చునే చోటికి కాస్త పైన, ఫ్రేముకు రెండు వైపులా మర తీసిన చిన్న రంధ్రాలు ఉన్నాయా? సీటు కింద నుంచి చక్రానికి దిగే సన్నని గొట్టాల పైభాగంలో అలాంటివే మరో రెండు ఉన్నాయా? నాలుగూ ఉంటే ఏ మామూలు క్యారియర్ అయినా పడుతుంది. ఇవి దాదాపు ఎప్పుడూ ఎం5 మరలే, అంటే బోల్టు మందం 5 మిల్లీమీటర్లు. ఒక పొరపాటు చాలామంది చేస్తారు: ఎడమవైపు మాత్రమే దగ్గరదగ్గరగా రెండు రంధ్రాలు కనిపిస్తే అవి డిస్క్ బ్రేకు కోసం పెట్టినవి, క్యారియర్ కోసం కావు.

కింద రంధ్రాలు ఉన్నాయి, పైన లేవు. ఏం చేయాలి?

ఇది అన్నిటికంటే తేలిక సమస్య. సీటు గొట్టాన్ని బిగించి పట్టే కాలరును తీసేసి, క్యారియర్ పట్టీల (దాని ముందు భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే లోహపు పట్టీల) కోసం రెండు మర రంధ్రాలున్న కాలరు వేసుకోవాలి. ఎక్కువగా దొరికేవి మూడు కొలతలు: 28.6, 31.8, 34.9 మిల్లీమీటర్లు. కొలవాల్సింది లోపల దిగే సీటు గొట్టాన్ని కాదు, దాన్ని పట్టుకున్న ఫ్రేము గొట్టం బయటి వ్యాసాన్ని. వ్యాసం కొలిచే వెర్నియర్ లేకపోయినా ఫర్వాలేదు. కాలరు కూర్చునే చోట ఫ్రేము చుట్టూ దారం ఒక చుట్టు చుట్టి, స్కేలు మీద పెట్టండి. దారం దాదాపు 9 సెంటీమీటర్లు వస్తే 28.6, 10 వస్తే 31.8, 11 వస్తే 34.9. ఇంత సొంపుగా లెక్క కుదరడం సైకిలు సామాన్లలో అరుదు.

నా ఫ్రేముకు ఎక్కడా ఒక్క రంధ్రం కూడా లేదు. ఇక ఆశ వదులుకోవాలా?

అక్కరలేదు. ముందు ఇరుసు చూడండి. తక్కువ ధర మౌంటెన్ బైకుల్లో చాలావాటికి ఇప్పటికీ గట్టి ఇరుసు, రెండు వైపులా నట్లు ఉంటాయి. పాత సైకిలు పద్ధతిలోనే క్యారియర్ కాళ్లను ఆ నట్ల కింద వేసి బిగించవచ్చు. 15 నంబరు పానా చాలాసార్లు సరిపోతుంది. ఇరుసు మర కొసలు తగినంత మిగిలి ఉండాలి, నట్టు పూర్తిగా ఎక్కాలి. మీట తిప్పితే చక్రం ఊడే రకం ఇరుసైతే, ఆ మీట కడ్డీ మీదే కూర్చునే అడాప్టర్లు దొరుకుతాయి. జర్మనీకి చెందిన ట్యూబస్ వంటి సంస్థలు అలాంటివి చేస్తాయి. 12 మిల్లీమీటర్ల లావు ఇరుసు ఫ్రేములోకే మర ఎక్కే రకమైతే, దానికి సరిపడే ప్రత్యేక ఇరుసుతో వచ్చే క్యారియర్ కొనాలి. అమెరికాలో ఓల్డ్ మ్యాన్ మౌంటెన్ అనే సంస్థ ఇలాంటి వాటికే పేరుపడింది, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది.

చివరి దారి, రబ్బరు పొర ఉన్న పట్టీ క్లిప్పులను ఫ్రేము గొట్టాలకు చుట్టి బిగించడం. పైన రెండు పట్టీలు నిలబెట్టడానికి ఇవి చాలు. కింద కాళ్లను కూడా వీటికే వేలాడదీస్తే, బరువు పడినప్పుడల్లా గొట్టం వెంట మెల్లగా జారుతాయి. అలాంటి ఏర్పాటు మీద నాలుగైదు కిలోలకు మించి నేను వేయను. కార్బన్ ఫ్రేముకైతే ఈ క్లిప్పులు అసలే వద్దు.

సీటు గొట్టానికి మాత్రమే బిగించే క్యారియర్ చవకగా, సుళువుగా ఉంది. అది చాలదా?

లంచ్ బాక్సు, వాన కోటు, ఒక జత బట్టలు అయితే చాలు. వాటి మీద ముద్రించే పరిమితి సాధారణంగా 10 కిలోల దగ్గరే ఉంటుంది. కిందికి కాళ్లు లేవు కనుక సంచి బరువంతా ఒక్క క్లాంపు మీద, చేయి చాచి బిందె పట్టుకున్నట్టు వేలాడుతుంది. గతుకు తగిలితే పక్కకు తిరిగిపోతుంది. కార్బన్ సీటు గొట్టానికీ, మీట నొక్కితే పైకీ కిందికీ కదిలే సీటు గొట్టానికీ దీన్ని బిగించకూడదు.

డిస్క్ బ్రేకు ఉంటే క్యారియర్ పట్టదంటున్నారు. నిజమేనా?

సగం నిజం. ఎడమవైపు బ్రేకు పట్టు, అంటే డిస్కును నొక్కి పట్టే భాగం, ఎక్కడ కూర్చుందో చూడండి. ఇరుసు నుంచి సీటు వైపు పైకి వెళ్లే గొట్టం మీద, బయటికి పొడుచుకుని ఉంటే క్యారియర్ ఎడమ కాలు దానికి తగులుతుంది. ఆ గొట్టానికీ పెడల్ వైపు వెళ్లే గొట్టానికీ మధ్య మూలలో ఒదిగి ఉంటే మామూలు క్యారియరే చాలు. తగిలే సైకిలుకు, కాళ్లు వెడల్పుగా వంచిన డిస్క్ రకం క్యారియర్ కొనడమే సరైన పని. షాపుల్లో చాలామంది ఏం చేస్తారంటే, మామూలు క్యారియర్‌కే నాలుగైదు వాషర్లు దొంతరగా పేర్చి కాలును బయటికి జరుపుతారు. చూడటానికి చక్కగా సరిపోతుంది. కాని కాలు ఫ్రేముకు ఎంత దూరం జరిగితే బోల్టును వంచే బలం అంత పెరుగుతుంది. నాకూ ఒక షాపులో అలాగే బిగించి ఇచ్చారు, నేనూ మెచ్చుకుని తెచ్చుకున్నాను. గాలికొండ దాటి అనంతగిరి ఘాట్‌లో దిగుతుండగా ఎడమ బోల్టు తల తెగిపోయింది. జరపక తప్పదనుకుంటే వాషర్ల దొంతర బదులు ఒకే లోహపు గొట్టం ముక్క వేసి, అదీ 10 మిల్లీమీటర్ల లోపు ఉండేలా చూసి, మంచి బోల్టు వాడండి.

వెనక కూడా సస్పెన్షన్ ఉన్న సైకిలుకు పెట్టవచ్చా?

మామూలు క్యారియర్ పెట్టకూడదు. దాని కింది కాళ్లు కదిలే భాగానికీ పై పట్టీలు కదలని భాగానికీ బిగుస్తాయి. మొదటి గతుకులోనే ఏదో ఒకటి వంగుతుంది లేదా విరుగుతుంది. క్యారియర్ మొత్తం చక్రంతోపాటు కదిలే భాగం మీదే కూర్చోవాలి. కొత్తగా కొనబోయేవారికి నా మాట: మోత కోసమే అయితే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిలు కొనండి.

అల్యూమినియం మంచిదా, స్టీలా?

ఊళ్లో తిరగడానికి అల్యూమినియం. తేలిక, తుప్పు పట్టదు, మామూలుగా 25 కిలోల వరకు మోస్తుంది. దూరప్రయాణానికి స్టీలు. అల్యూమినియం చెప్పకుండా విరుగుతుంది, విరిగితే దారిలో అతికేవారు దొరకరు. స్టీలు కడ్డీ విరిగితే గ్రిల్లులు చేసే ఏ వెల్డింగు షాపులోనైనా పది నిమిషాల పని. సముద్రం పక్కన ఉండేవాళ్లు స్టీలు క్యారియర్ మీద గీత పడిన ప్రతిసారీ రంగు పూయాలి, లేకపోతే రెండో వానాకాలానికి ఎర్రబడుతుంది.

## బిగించేటప్పుడు

ఏ పనిముట్లు కావాలి? మెకానిక్ దగ్గరికే వెళ్లాలా?

4 మిల్లీమీటర్ల ఎలెన్ కీ, 8 నంబరు పానా, కాస్త గ్రీజు, పాత గుడ్డ ఉంటే ఇంట్లోనే గంటలో అయిపోతుంది. సీటు కాలరుకు 5 మిల్లీమీటర్ల కీ కావాల్సి రావచ్చు.

బోల్టు రంధ్రంలోకి సగం ఎక్కి ఆగిపోతోంది. బలంగా తిప్పవచ్చా?

వద్దు. కొత్త సైకిలైతే రంధ్రంలో పెయింటు గడ్డకట్టి ఉంటుంది. బోల్టుకు నూనె చుక్క వేసి సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ మర శుభ్రం చేయండి. అప్పటికీ ఎక్కకపోతే లేత్ షాపులో ఎం5 ట్యాపు (మర కోసే పనిముట్టు) ఒకసారి దింపించండి. వంకరగా ఎక్కిన బోల్టును బలవంతం చేస్తే అల్యూమినియం మర పోతుంది.

ముందు ఏ బోల్టు బిగించాలి?

ఏదీ పూర్తిగా బిగించకూడదు. ముందు కింది రెండూ చేతితో ఎక్కించి వదులుగా ఉంచండి. తరవాత పై పట్టీలను ఎక్కించండి. నాలుగూ చోట్లకు చేరాక క్యారియర్‌ను మట్టంగా పట్టుకుని అప్పుడు బిగించాలి, కింది నుంచి పైకి. మొదటి బోల్టే గట్టిగా బిగిస్తే నాలుగోది రంధ్రానికి అందదు. దాన్ని లాగి ఎక్కించినా ఆ లాగుడు లోహంలో ఉండిపోయి తరవాత ఎప్పుడో పగులుగా బయటపడుతుంది. పట్టీలను వంచాల్సి వస్తే సైకిలుకు బిగించి వంచకండి, తీసి, బల్ల అంచుకు ఆనించి కొద్దికొద్దిగా వంచండి.

మట్టం చూడటానికి తాపీమేస్త్రీల రసమట్టం ఉంటే సరే, లేకపోతే నేల సమంగా ఉన్న చోట సైకిలును నిలబెట్టి కంటితో చూసినా చాలు. కాస్త తేడా ఉంటే ముందువైపు వాలు ఉండనివ్వండి, వెనక్కి వాలితే మూట జారుతుంది. టైరుకూ క్యారియర్‌కూ మధ్య కనీసం రెండు వేళ్ల ఖాళీ వదలాలి.

ఎంత గట్టిగా బిగించాలి?

ఎం5 బోల్టుకు 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ పానా లేనివాళ్లు ఎలెన్ కీ పొడుగు కొమ్మును మూడు వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగి ఆపేయండి. కీకి పైపు తొడిగి తిప్పేవారిని దగ్గరికి రానివ్వకండి.

బోల్టు ఎంత పొడుగు ఉండాలి?

ఎక్కువ సైకిళ్లకు 15 లేదా 16 మిల్లీమీటర్లు సరిపోతుంది. పొట్టిదైతే మర పట్టు చాలదు, అల్యూమినియంలో కనీసం 7, 8 మిల్లీమీటర్లు లోపలికి ఎక్కాలి. పొడుగైతే ప్రమాదం కుడివైపు. బోల్టు కొస లోపలికి పొడుచుకొచ్చి చైనుకు తగులుతుంది. బిగించాక చైనును అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి దింపి పెడల్ వెనక్కీ ముందుకీ తిప్పి చూడండి. టిక్ టిక్ వినిపిస్తే బోల్టు మార్చాలి లేదా తలకింద ఒక వాషరు వేయాలి.

మర పోయింది. ఫ్రేము పనికిరాదా?

పనికొస్తుంది. ఆ రంధ్రం గుండా పొడుగు బోల్టు దూర్చి వెనక నైలాన్ వలయం ఉన్న లాక్ నట్టు వేయడం తేలిక మార్గం. కుడివైపు చైనుకు చోటుంటేనే ఇది కుదురుతుంది. లేదంటే రంధ్రాన్ని 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో పెంచి ఎం6 ట్యాపు వేయించండి. రంధ్రం చుట్టూ లోహం తగినంత ఉందో లేదో ముందు చూసుకోవాలి.

మడ్‌గార్డు కూడా అదే రంధ్రానికి బిగించాలి. ఏది లోపల, ఏది బయట?

క్యారియర్ కాలు ఫ్రేముకు ఆనుకుని లోపల, మడ్‌గార్డు కడ్డీ బయట. బరువు మోసేది ఫ్రేముకు ఎంత దగ్గరుంటే బోల్టు మీద అంత ఒత్తిడి తగ్గుతుంది. బోల్టును మాత్రం ఆ మేరకు పొడుగుది మార్చాలి.

## బరువు వేసేటప్పుడు

25 కిలోలు అని రాసి ఉంది. నిజంగా అంత వేయవచ్చా?

సాఫీ రోడ్డు మీద వేయవచ్చు. 20 లీటర్ల నీళ్ల డబ్బా 20 కిలోలు, దానికి సరే. 25 కిలోల బియ్యం బస్తా సరిగ్గా గీత మీద ఉంది, నెమ్మదిగా తెచ్చుకోవచ్చు. ఇంటి గ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు కూడా కలిపితే మొత్తం 30 కిలోల దగ్గరికి వస్తుంది, వద్దు. గుంతల్లో చక్రం పడినప్పుడు బరువు క్షణంపాటు రెట్టింపై కూర్చుంటుంది, కాబట్టి మట్టిరోడ్డు మీదైతే క్యారియర్ మీద రాసి ఉన్న దానిలో సగానికి మించి నేను పెట్టను. ఇంకో సంగతి, సైకిలు మోయగల మొత్తం బరువులో మీరు కూడా ఉన్నారు. ఫ్రేముకూ చక్రాలకూ సంస్థ ఇచ్చిన పరిమితిలోంచి మీ బరువు తీసేస్తే మిగిలేదే సామానుకు.

పిల్లవాణ్ణి కూర్చోబెట్టవచ్చా?

క్యారియర్ మీద నేరుగా కూర్చోబెట్టకండి. మన చిన్నప్పుడు అలాగే తిరిగాం, స్పోకుల్లో కాలు పెట్టుకున్నవాళ్లు కూడా మన బడిలోనే ఉన్నారు. పిల్లల సీటు పెట్టాలంటే, పిల్లల సీటుకు పనికొస్తుందని క్యారియర్ తయారీదారు స్పష్టంగా రాసి ఉండాలి.

సామాను పైన కట్టాలా, పక్కల సంచుల్లో వేలాడదీయాలా?

బరువైనవి పక్క సంచుల్లో, కిందికి, ఇరుసుకు దగ్గరగా. తేలికవి పైన. బరువు ఎత్తులో ఉంటే సైకిలు మలుపులో తల ఊపుతుంది, స్టాండు మీద కూడా నిలవదు. రెండు పక్కల తూకం దాదాపు సమానంగా ఉండాలి, కావడి బద్దలాగా.

పెడల్ తొక్కుతుంటే మడమ సంచికి తగులుతోంది.

మౌంటెన్ బైకుల్లో పెడల్ నుంచి వెనక ఇరుసుకు దూరం తక్కువ, చాలావాటిలో 43, 44 సెంటీమీటర్లే. అందుకే తగులుతుంది. సంచి కొక్కేలను వెనక్కి జరపండి. ముందు మూల ఏటవాలుగా కోసినట్టుండే సంచులు ఎంచుకోండి. క్యారియర్‌నే వెనక్కి జరపాలనుకుంటే కొద్దిగానే జరపండి, బరువు ఇరుసు దాటి మరీ వెనక్కి పోతే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలుతుంది.

దేనితో కట్టడం మంచిది?

పంక్చర్ షాపులో పాత ట్యూబు అడిగి రెండు అంగుళాల వెడల్పు పట్టీలుగా కోసుకోండి. కొక్కేల సాగుడు తాళ్ల కంటే ఇవే నయం. జారవు, కొక్కెం ఎగిరి కంట్లో కొట్టే భయం లేదు, ఖర్చూ లేదు. వేలాడే కొసలను మాత్రం లోపలికి దోపాలి. ఒకసారి నా వాన కోటు చెయ్యి జారి చక్రంలో చుట్టుకుంది. కోటు పోయింది, నేను పడలేదు, అంతవరకు అదృష్టం.

బరువుతో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఏం జాగ్రత్త?

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అందులో భయం ఎక్కడమంటే కాదు, తిరిగి దిగడమంటేనే. బరువున్న సైకిలు ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. బ్రేకును అదే పనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుకు ముందు గట్టిగా నొక్కి, వదిలి, మళ్లీ నొక్కండి. వెనక టైరులో గాలి, టైరు పక్కన ముద్రించిన పరిమితిలో పై అంచుకు దగ్గరగా ఉంచండి.

## తరవాత

కొన్నాళ్లకు గలగలమని శబ్దం వస్తోంది. ఎందుకు?

బోల్టు వదులైంది. కొత్తగా బిగించిన క్యారియర్‌ను మొదటి 50 కిలోమీటర్ల తరవాత తప్పకుండా ఒకసారి బిగించాలి, ఆ తరవాత నెలకోసారి. మాటిమాటికీ వదులవుతుంటే మర మీద నీలి రంగు థ్రెడ్ లాకర్ (మరను వదులు కానివ్వని జిగురు) ఒక చుక్క వేయండి. అది వేసిన చోట గ్రీజు పనికిరాదు, మరను పొడిగా తుడిచాకే వేయాలి. ఎర్ర రంగుది వద్దు, దాన్ని విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

బోల్టు రంధ్రంలోనే విరిగిపోయింది. బయటికి తీసేదెలా?

ముందు లోపలివైపు చూడండి. విరిగిన ముక్క కొస అటువైపు కాస్త పొడుచుకుని ఉంటే పట్టకారుతో పట్టుకుని, బోల్టు బిగించే దిశలోనే తిప్పుతూ లోపలికే తీసేయవచ్చు, బయటికి లాగాలన్న నియమం లేదు. ఇరువైపులా సమంగా తెగితే లేత్ షాపు పని. దారిలో అయితే ట్యూబు పట్టీలతో కాలును ఫ్రేముకు గట్టిగా చుట్టి, సామాను వీపు సంచిలోకి మార్చుకుని నడిపించండి. అనంతగిరి దిగుతూ నేను శృంగవరపుకోట వరకు వచ్చింది అలాగే. అప్పటి నుంచి సీటు కింద సంచిలో రెండు ఎం5 బోల్టులు, ఒక ఎలెన్ కీ ఎప్పుడూ ఉంటాయి.

వెనక స్పోకులు తరచూ తెగుతున్నాయి. క్యారియర్ వల్లేనా?

బరువు వల్ల. ఒకటి తెగితే పక్కవాటి మీద భారం పడి అవీ తెగుతాయి. తెగినదాన్ని మాత్రమే మార్చి ఊరుకోకుండా చక్రం మొత్తం బిగువు సరిచూపించండి. మళ్లీ మళ్లీ తెగుతుంటే 36 స్పోకుల చక్రం కట్టించడం మేలు.

సీటు కింద ఎర్ర లైటు సంచి వెనక దాగిపోయింది.

క్యారియర్ వెనక పలక మీద రెండు రంధ్రాలు ఉంటాయి, మధ్య దూరం సాధారణంగా 50 లేదా 80 మిల్లీమీటర్లు. ఆ కొలతకే తయారైన లైట్లు దొరుకుతాయి. పలక లేని క్యారియరైతే, వెనక కడ్డీకి చిన్న గొట్టం ముక్క బిగించి లైటును దానికి తగిలించండి.